విషభూమిపై పచ్చిక

పొయ్యి వెలిగించునప్పుడు ఆ గ్యాసు ఎచట తయారైనదని మనము తలపోయుట అరుదు. ఒకప్పుడు పాశ్చాత్య నగరములలో అది ఊరి నడుమనే తయారగుచుండెను. అమెరికా దేశపు వాయవ్య భాగమున సియాటిల్ నగరమునందు, యూనియన్ సరస్సు ఉత్తరపు ఒడ్డున, 1906లో అట్టి కార్ఖానా యొకటి వెలసెను. నేలబొగ్గును గాలి చొరకుండ కాచి, వెలువడు వాయువును గొట్టముల మూలమున ఇండ్లకు పంపెడివారు. 1937 నుండి బొగ్గునకు బదులు నూనెను వాడిరి. 1956లో సహజవాయువు గొట్టములు నగరమునకు చేరగా కార్ఖానా మూతపడెను.

యాబది యేండ్లు తయారైన గ్యాసు ఇండ్లకు పోయినది. దాని మడ్డి మాత్రము అచ్చటనే మిగిలినది. తారు, మసి, బెంజీను వంటి తేలిక నూనెలు నేలలోనికి ఇంకినవి, సరస్సు అడుగున పేరుకొన్నవి. సుమారు 20 ఎకరముల ఆ చోటును ఉద్యానము కొరకు 1962లో నగరము కొనెను. అందులకు పాటుపడినవారిలో నగరసభ సభ్యురాలు మర్టిల్ ఎడ్వర్డ్స్ ముఖ్యురాలు.

రూపకల్పన బాధ్యత రిచర్డ్ హాగ్ అను ఉద్యానశిల్పికి లభించెను. తుప్పుపట్టిన యంత్రములను పడగొట్టి, చెడిన మన్ను తవ్వి పారవేసి, క్రొత్త మన్ను పోసి చెట్లు నాటుట అందరికిని తోచు మార్గము. హాగ్ అందుకు సమ్మతింపలేదు. విషము నిండిన మన్ను బండ్లకెత్తి వేరొకచోట పోసినచో విషము నశింపదు గదా! మన యింటి చెత్తను పొరుగువారి గోడప్రక్కకు నెట్టుట వంటిదే అది యని మాకును తోచుచున్నది.

ఆయన త్రొక్కిన దారి మన రైతులకు క్రొత్తది కాదు. పెంటదిబ్బలో వేసిన పేడయు, ఆకులలములును కొన్ని నెలలకు నల్లని ఎరువగుట మన మెరుగుదుము. ఆ పని చేయునవి కంటి కగపడని సూక్ష్మజీవులు. వానిలో నూనెలను ఆహారముగ గైకొనునవియు కలవు. అయితే వానికి గాలి, తేమ, నత్రజని కావలయును. నూనెతో బిగిసిన నేలలో గాలి ఆడదు, నత్రజని చాలదు. కావున హాగ్ ఆ నేలను దున్నించి, మురుగునీటి శుద్ధిలో మిగిలిన మడ్డిని, రంపపుపొట్టును అందు కలిపించెను. క్రమముగ గడ్డి మొలచినది. పడగొట్టిన కట్టడముల శిథిలములను కుప్పవోసి, మన్ను కప్పి, ఒక గుట్టగ మలచిరి. పంపులుండిన కొట్టమునకు రంగులు వేసి పిల్లల ఆటస్థలము గావించిరి. గ్యాసు తయారుచేసిన ఎత్తైన ఇనుప గోపురములను అట్లే నిలిపిరి.

ఆ గోపురములే తగవునకు మూలమైనవి. ఎడ్వర్డ్స్ 1969లో మరణింపగా ఉద్యానమునకు ఆమె పేరు పెట్టనెంచిరి. కాని ఇనుప కట్టడములు నిలుచుట నచ్చక, ఆమె కుటుంబమువారు పేరు వలదనిరి. ఆమె పేరు సముద్రతీరమునందలి వేరొక ఉద్యానమునకు చెల్లినది. పచ్చని తోటను కలగన్నవారికి తుప్పు కంటికింపుగ నుండకపోవుటను మేము తప్పుపట్టజాలము. అయినను, ఆ గోపురములు లేనిచో, క్రింది మన్ను ఇట్లేల చెడినదో పిల్లలకు చూపుటకు ఏమి మిగిలియుండును?

ఉద్యానము 1975లో ప్రజలకు తెరువబడెను. అంతటితో పని ముగిసిన దనుకొన్నవారు పొరబడిరి. సూక్ష్మజీవులు తేలిక నూనెలను త్వరగ జీర్ణించుకొనును గాని, తారులోని పెద్ద అణువులు వానికి సులభముగ లొంగవు. 1984లో నేలను పరీక్షింపగా విషపదార్థములు బయటపడి, ఉద్యానమును కొంతకాలము మూసివేసిరి. మరల మంచి మన్ను కప్పిరి. తరువాత, భూగర్భజలములో మిగిలిన బెంజీనును తొలగించుటకు, నేలలోనికి గాలిని ఎక్కించి, పైకి వచ్చిన ఆవిరులను పీల్చివేయు యంత్రములను అమర్చిరి. సరస్సు అడుగు బురదను శుద్ధిచేయు పని యింకను మిగిలియున్నది.

ఉద్యోగములకై ఆ ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములు నేడు అనేకము. బిడ్డలను చూడబోయిన పెద్దలు ఆ గుట్ట యెక్కి, మనుమలు గాలిపటము లెగురవేయుట చూచి ముచ్చటపడవచ్చును. కాని, ఎంత ఎండకాచినను, ఆ ఒడ్డున పిల్లలను నీటిలోనికి దింపరాదు.