చలనచిత్రము – ప్రేక్షకుని తీర్పు

చలనచిత్రాన్ని ప్రతి ప్రేక్షకుడూ రెండుమార్లు చూస్తాడు. మొదటిది తెరమీద, చీకటిలో, ఈలలను మాటలుగా లెక్కింపకపోతే మౌనంగా. రెండవది బయటికి వచ్చిన తరువాత, వెలుతురులో, నలుగురితో మాట్లాడుతూ. మొదటి దర్శనానికి మూల్యం టికెట్టు. రెండవదానికి ఒక కప్పు చాయ్. దర్శకుని ప్రతిభను గురించీ నటుల అభినయాన్ని గురించీ పుటలకొద్దీ వ్యాసాలు వెలువడుతూనే ఉన్నవి. గాని చూసి వచ్చినవాడు పక్కవానితో ఏమన్నాడు, ఎందుకన్నాడు, ఆ మాటకు విలువ ఎంత అన్న విచారణ కూడా సాహిత్య విద్యార్థికి తగినదే. ఆ విచారణకు సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం కంటె అనువైన చోటు నాకు కనిపించదు.

ముందుగా మాటలను పరిశీలిద్దాం. చిత్రాన్ని గురించిన లోకాభిప్రాయానికి తెలుగువారు పెట్టుకున్న పేరు 'టాక్'. పదం ఆంగ్లమే అయినా ఈ అర్థం మనం ఇచ్చుకున్నదే. 'టాక్ ఎట్లుంది?' అని అడిగితే చిత్రం నిలుస్తుందా, పోతుందా అని భావం. ఉర్దూలో విమర్శకు 'తన్‌ఖీద్' అని పేరు. ఇది అరబ్బీ 'నఖ్ద్' నుండి పుట్టింది. (ఖాఫ్ అక్షరాన్ని దక్కనులో పలికే తీరుననుసరించి వ్రాస్తున్నాను, లక్నో వారు మన్నింతురు గాక.) పూర్వం నాణెములను పరీక్షించి మంచివానిని, చెల్లనివానిని వేరు చేయుటకు ఆ పేరు ఉండేది. ఆ మాటే బజారు మీదుగా నడచి వచ్చి తెలుగులో 'నగదు' అయింది. అనగా మన నగదు, ఉర్దూవారి విమర్శ ఒక తల్లి బిడ్డలు. మూడవ మాట 'దాద్'. ముషాయిరాలో కవి చక్కని షేర్ చదివినప్పుడు శ్రోతలు 'వాహ్ వా' అని, 'ముకర్రర్' అని కేకలు వేయడమే దాద్ ఇవ్వడం. ఫారసీలో దాద్ అంటే న్యాయం. 'దాదూ లేదు, ఫిర్యాదూ లేదు' అని మన పల్లెలలో అనుకునే మాటలో ఉన్నది ఆ దాదే. మెచ్చుకొనుటకు, న్యాయం చేయుటకు ఒకే పదాన్ని వాడిన జాతి, మెచ్చుకోలును తేలికైన పనిగా భావించలేదని గ్రహించాలి.

సంస్కృతంలో ఈ విషయాన్ని భరతముని మరింత విపులంగా చర్చించాడు. నాట్యశాస్త్రం ఇరువది ఏడవ అధ్యాయం అంతా ప్రదర్శన సిద్ధిని గురించినదే. మానుషీ సిద్ధి వాక్కు ద్వారా, శరీరం ద్వారా తెలుస్తుందని ఆయన చెప్పాడు. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, 'సాధు' అనడం, 'అహో' అనడం, కరుణ ఘట్టంలో 'కష్టం' అనడం, పెద్దగా కేకలు వేయడం వాక్కుకు సంబంధించినవి. ఒడలు గగుర్పొడవడం, ఆసనం నుండి లేచి నిలబడడం, పైబట్టలు, ఉంగరాలు విసరి ఇవ్వడం శరీరానికి సంబంధించినవి. మన టాకీసులలో కథానాయకుడు తెరమీద అడుగుపెట్టగానే కాగితపు ముక్కలు, చిల్లర నాణెములు ఎగురవేసేవారిని చూసి విసుగుకొనే పెద్దలు ఈ అధ్యాయం ఒకసారి తిరగవేయవలెను. పోణంగి శ్రీరామ అప్పారావుగారి 'నాట్యశాస్త్రము' తెలుగులోనే లభిస్తున్నది. దానికి 1960లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

అయితే భరతుడు కేకలతో ఆగలేదు. ప్రదర్శనను గురించి వివాదం వచ్చినప్పుడు తీర్పు చెప్పుటకు 'ప్రాశ్నికులు' అనే నిర్ణేతలను పేర్కొన్నాడు. వారు ఎవరనుకున్నారు? యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణవేత్త, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు. యజ్ఞ ఘట్టం సరిగా ఉన్నదా అని యజ్ఞవేత్త చెప్పాలి. విల్లు పట్టిన తీరును విలుకాడు చెప్పాలి. పండితునికి అన్నీ తెలుసునని ఆయన అనుకోలేదు. ఎవరి పని వారికి తెలుసు గనుక, ఆ పని రంగస్థలం మీద కనిపించినప్పుడు వారి మాటకే విలువ ఇచ్చాడు. సాహిత్య విమర్శ చరిత్రలో ఇంత ఉదారమైన ఆలోచన మరల కనిపించడం కష్టం. (స్త్రీలు, బాలురు హాస్యానికి, వేషానికి సంతోషిస్తారని అదే అధ్యాయంలో ఉన్న మాటను మాత్రం మా విద్యార్థినులు అంగీకరించరు, నేనూ వారి పక్షమే.)

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. రామచంద్రాపురంలో 1960లలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం వెలసింది. పటాన్‌చెరు వద్ద 1972లో ఇక్రిశాట్ స్థాపితమైంది. ఆ దశాబ్దం నుండి పారిశ్రామిక వాడలు విస్తరించాయి. కోస్తా నుండి, రాయలసీమ నుండి, బీదరు వైపు నుండి, ఒడిశా, బీహారుల నుండి పనివారు వచ్చి చేరారు. ఇక్కడి చాయ్ హోటలులో ఒక బల్ల చుట్టూ వెల్డరు, ఫిట్టరు, లారీ డ్రైవరు, మందుల కంపెనీలో పనిచేసే కుర్రవాడు, కూరగాయలు అమ్మి వచ్చిన రైతు కూర్చొని ఉంటారు. చిత్రాన్ని గురించి మాట తెలుగులో మొదలై దక్కనీలోకి మళ్ళి హిందీలో ముగుస్తుంది. భరతుని ప్రాశ్నిక సభ ఇంతకంటె నిండుగా ఉండి ఉంటుందా?

ఇక్కడ ఈ మాట ప్రయాణించే మార్గం కూడా విలక్షణమైనది. మూడు షిఫ్టులు నడిచే కర్మాగారాలలో పనివేళను బట్టి ఆట నిర్ణయమవుతుంది. ఉదయం షిఫ్టువాడు మధ్యాహ్నం రెండు గంటలకు విడుదలై సాయంత్రపు మొదటి ఆటకు పోగలడు. రాత్రి షిఫ్టువాడు పగలు నిద్రను కొంత తగ్గించుకొని మ్యాట్నీ చూస్తాడు. మధ్యాహ్నం వెళ్ళినవాడు రాత్రి పది దాటిగాని బయటపడడు. అతనికి ఆదివారమే గతి. కనుక షిఫ్టు మారే సమయంలో, గేటు దగ్గర, ఒకడు పనిలోకి వస్తూ మరొకడు పని నుండి పోతూ కలుసుకొన్న ఆ కొద్ది నిమిషాలలో చిత్రం భవిష్యత్తు నిర్ణయమవుతుంది. 'పోవచ్చు', 'వద్దు', 'ఇంటర్వెల్ దాకా నడుస్తది' అన్న మూడు తీర్పులలో ఏదో ఒకటి వినబడుతుంది. ఈ చివరిది చిన్నమాటగా కనిపించినా కథా నిర్మాణం మీద అది సంపూర్ణమైన విమర్శ. నేడు సెల్‌ఫోను వచ్చి గేటు దాకా ఆగనక్కరలేకుండా చేసింది. వేగం పెరిగింది, ముఖం చూసి నమ్మకం తెలుసుకొనే అవకాశం తగ్గింది.

ఈ తీర్పు తేలికైనది కాదనుటకు కారణం నగదే. కాంట్రాక్టు పనివాడు భార్యాబిడ్డలతో చిత్రానికి పోవడమంటే ఆ రోజు కూలిలో మంచి భాగం వదులుకోవడమే. తప్పు టాక్ నమ్మి పోయినవాడు చెల్లని నాణెం పుచ్చుకొన్నవాడే. అందువల్ల గేటు దగ్గర మాట ఇచ్చేవాడు కొంత బాధ్యతతోనే ఇస్తాడు. మరునాడు అదే గేటు దగ్గర అదే మనిషికి ముఖం చూపించవలసి ఉంటుంది గదా.

అభిమానుల సంగతి వేరు. అభిమాన నటుని చిత్రం చూడకముందే వారి తీర్పు సిద్ధంగా ఉంటుంది. ప్రత్యర్థి నటుని చిత్రం విషయంలోనూ అంతే. ఇది ప్రేమ గాని పరీక్ష కాదు. ప్రేమను నేను తప్పుపట్టను; ఎండలో నిలబడి తోరణాలు కట్టే కుర్రవానిలో ఉన్న నిస్వార్థత పెద్దపెద్ద సంస్థలలో కనిపించదు. కాని అందరికంటె ముందు చూడాలి, ముందు చెప్పాలి అన్న ఆతురత చుట్టూ పెరిగిన ఆర్భాటానికి మూల్యం కొన్నిసార్లు దారుణంగా ఉంటుంది. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటరు వద్ద 'పుష్ప-2' ముందస్తు ప్రదర్శనకు జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ మరణించింది. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. మరునాడు పగటి ఆట ఉండనే ఉన్నది.

పరీక్షించి చెప్పిన మాట ఎంత పని చేస్తుందో చూపుటకు రెండు చిత్రాలు చాలు. కె.విశ్వనాథ్ 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. పేరుపొందిన కథానాయకుడు లేడు. ప్రధాన పాత్రధారి జె.వి.సోమయాజులు అప్పటికి వెండితెర ప్రేక్షకులకు పరిచితుడు కాడు. కథ ఒక వృద్ధ సంగీత విద్వాంసునిది. మొదటి రోజులలో హాళ్ళు పలుచగా ఉన్నవి. చూసినవారు ఇంటికి పోయి చెప్పిన మాట వల్లనే అవి నిండాయి. తరువాత జాతీయ పురస్కారాలు వచ్చాయి గాని, ప్రేక్షకుని దాద్ వానికంటె ముందు వచ్చింది. రెండవది 2023 మార్చి 3న విడుదలైన వేణు ఎల్దండి చిత్రం 'బలగం'. పల్లెలో ఒక పెద్దమనిషి మరణం, పిట్ట ముట్టుట, అన్నదమ్ముల అలకలు – ఇదే కథ. గ్రామాలలో తెరలు కట్టి ఊరంతా కలసి ఆ చిత్రాన్ని చూశారు. చూసినవారు పాటలు, పోరాటాలు మాట్లాడుకోలేదు. తమ ఇంట్లో ఎవరెవరికి మాటలు లేవో మాట్లాడుకున్నారు.

'బలగం' విషయంలో ఇక్కడివారు ప్రాశ్నికులు కావడానికి మరొక హేతువు భాష. దశాబ్దాల పాటు తెలుగు తెరమీద తెలంగాణ పలుకుబడిని హాస్యగానికో దుష్టపాత్రకో కేటాయించడం పరిపాటి. కథానాయకుడు ఈ మాట మాట్లాడినప్పుడు అది సహజంగా ఉన్నదా, అరువు తెచ్చుకొన్నదా అని చెప్పగలవాడు ఈ నేలవాడే. దీనికి పూర్వ నిదర్శనం 'మా భూమి'. 1979 నాటి ఆ చిత్రానికి మూలం కృషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. నిర్మాతలలో ఒకరు బి.నరసింగరావు. చిత్రీకరణ జరిగింది నాటి మెదక్ జిల్లాలోని మంగళపర్తిలో. ఉర్దూ నవల తెలుగు చిత్రమై మన జిల్లా మట్టిలో రూపొందిన సంగతి ఈ రెండు భాషల కళాశాలలో చదివేవారు తెలిసి ఉండడం న్యాయం. అట్టి చిత్రానికి గడీ ముందు తలవంచి నడచిన తరం కంటె మించిన నిర్ణేతలు ఎవరుంటారు?

అభిప్రాయం చెప్పుకొనుటను ఒక పద్ధతిగా అభ్యసించినవారు ఫిల్మ్ సొసైటీలవారు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ స్థాపించారు. 1959లో దేశవ్యాప్త సమాఖ్య ఏర్పడింది. 1974లో హైదరాబాదులో ఫిల్మ్ క్లబ్ వచ్చింది. చిత్రం ముగిసిన తరువాత కూర్చొని చర్చించుకోవడం వీటి ఆచారం. తెలుగులో కొడవటిగంటి కుటుంబరావుగారి సినిమా వ్యాసాలు, ఆంధ్రపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణగారి సమీక్షలు ఆ కోవలోనివే. అవి మెచ్చదగినవే గాని షిఫ్టు ముగించుకొని వచ్చే మనిషికి అందుబాటులో ఉన్న సభ చాయ్ హోటలే.

ఈ సభను మూసివేయాలన్న కోరికా లేకపోలేదు. తొలి మూడు రోజులు సామాజిక మాధ్యమాలలో సమీక్షలు నిషేధించాలని తమిళ నిర్మాతల సంఘం 2024లో మద్రాసు హైకోర్టును ఆశ్రయించింది; అభిప్రాయ స్వేచ్ఛ దృష్ట్యా న్యాయస్థానం అట్టి నిషేధం విధించుటకు ఒప్పుకోలేదు. నిర్మాతల బాధ పూర్తిగా అసత్యమని నేననను. డబ్బు పుచ్చుకొని పొగిడేవారు, డబ్బు రాలేదని తిట్టేవారు ఉన్నారు. దొంగ నాణెం ఉన్నదని నాణెములన్నిటినీ రద్దు చేయలేము. గీటుపెట్టి చూడడం నేర్చుకోవలసి ఉంటుంది.

తరగతిలో ఈమధ్య ఒక చిన్న ప్రయత్నం చేశాను. ఇటీవల చూసిన ఏదైనా చిత్రం గురించి పది పంక్తులు వ్రాయమన్నాను. 'సూపర్', 'హిట్', 'ఫ్లాప్', 'బోర్' అన్న మాటలు వాడరాదని నియమం పెట్టాను. పావుగంట వరకు ఎవరి కలమూ కదలలేదు. తరువాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఒక అమ్మాయి తల్లి పాత్ర చిత్రమంతటా వంటగది దాటి రాలేదని, ఎన్నిసార్లు తెరమీద కనిపించిందో లెక్కపెట్టి వ్రాసింది. వెల్డరు కొడుకు ఒకడు, కథానాయకుడు కళ్ళకు అద్దం లేకుండా వెల్డింగు చేసిన దృశ్యాన్ని పట్టుకొన్నాడు. అట్లా చేసిన మనిషి ఆ రాత్రి కళ్ళు మూసుకోలేడని, మరుసటి దృశ్యంలో పాట పాడనే లేడని, ఈ సంగతి వాళ్ళ నాన్న హాలులోనే చెప్పాడని వ్రాశాడు.