కాన్పు తర్వాత ఆగని రక్తం.. నైజీరియా తల్లులకు పెద్ద గండం ఇదే! ప్లాస్టిక్ షీట్‌తో చెక్ పెట్టొచ్చా?

2023లో ప్రపంచవ్యాప్తంగా గర్భం, కాన్పు సమస్యలతో సుమారు 2.6 లక్షల మంది మహిళలు చనిపోయారు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కల ప్రకారం అందులో నాలుగో వంతుకు పైగా ఒక్క నైజీరియాలోనే. కాన్పయ్యాక ఆగని రక్తస్రావం ఇందుకు పెద్ద కారణం. అర లీటరు దాటితే ప్రమాదమే. కానీ రక్తం ఎంత పోయిందో చాలాచోట్ల కంటిచూపుతోనే అంచనా వేస్తారు. ఆలస్యం జరిగేది అక్కడే.

మరి పరిష్కారం? కొలత గీతలున్న ప్లాస్టిక్ షీట్‌ను తల్లి కింద పరుస్తారు. గీత చూస్తే లెక్క తెలిసిపోతుంది. వెంటనే గర్భాశయ మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్.. అన్నీ కలిపి మొదలుపెడతారు. నైజీరియా సహా 4 ఆఫ్రికా దేశాల్లోని 80 ఆస్పత్రుల్లో ఈ-మోటివ్ పేరిట పరీక్షిస్తే తీవ్ర రక్తస్రావం ముప్పు 60 శాతం తగ్గింది. ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. ఈ షీట్, మందులు ప్రతి లేబర్ రూమ్‌కూ చేరడమే అసలు సవాల్!