డాక్యుమెంటేషన్‌లో ఎగ్జాంపుల్ పని చేయలేదా? ఫీడ్‌బ్యాక్ ఇలా ఇవ్వండి

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటూ అఫీషియల్ ట్యుటోరియల్‌లోని కోడ్ కాపీ చేశారు, ఎర్రర్ వచ్చింది. "ఇది మనవల్ల అయ్యేది కాదులే" అని అక్కడే వదిలేసేవాళ్లు చాలామంది. కానీ పైథాన్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఆ ఎగ్జాంపుల్‌ని మార్చమని ఎవరైనా అడగొచ్చు. ఏం అడగాలన్నదే అసలు విషయం.

ఏది వద్దు?

పైథాన్ ట్యుటోరియల్ 4వ చాప్టర్ చూడండి. ఇఫ్ స్టేట్‌మెంట్ నేర్పడానికి, యూజర్ టైప్ చేసినదాన్ని ఇంటీజర్‌గా మార్చే చిన్న కోడ్ ఇచ్చారు. 10 అనకుండా "పది" అని టైప్ చేస్తే వాల్యూ ఎర్రర్ వస్తుంది. రోజూ కోడ్ రాసే నాలాంటివాళ్లు వెంటనే "ట్రై, ఎక్సెప్ట్ ఏది?" అంటారు. కానీ ఆ పేజీ ఇఫ్ గురించి. 8వ చాప్టర్‌లో ఇలాంటి కోడ్‌కే ట్రై, ఎక్సెప్ట్ పెట్టి చూపిస్తారు. ముందే ఇరికిస్తే కొత్తవాళ్లకి రెండూ అర్థం కావు.

ఏది కావాలి?

అదే ఎగ్జాంపుల్‌లో మొదటి లైన్ ముందు >>> గుర్తులు ఉంటాయి. మౌస్‌తో సెలెక్ట్ చేసి, వాటితో సహా ఫైల్‌లో పేస్ట్ చేసి రన్ చేస్తే సింటాక్స్ ఎర్రర్. అవి ఇంటర్‌ప్రెటర్ ప్రాంప్ట్‌లని 3వ చాప్టర్ మొదట్లోనే రాశారు. గూగుల్ నుంచి నేరుగా 4వ చాప్టర్‌కి వచ్చినవాళ్లు అది చూడరుగా! "ఇక్కడ ఒక్క లైన్ లేదా లింక్ ఇస్తే బాగుంటుంది" అనడం పనికొచ్చే ఫీడ్‌బ్యాక్.

ఎలా రాయాలి?

- పేజీ పక్కన "రిపోర్ట్ ఎ బగ్" లింక్ ఉంటుంది. 2022 నుంచి పైథాన్ ఇష్యూలన్నీ గిట్‌హబ్‌లోనే. ముందు పాత ఇష్యూల్లో వెతకండి.
- ఏ పేజీ, ఏ వెర్షన్, ఏం టైప్ చేశారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది... ఇవన్నీ రాయండి.
- ఎర్రర్ మెసేజ్‌ని ఫోటో తీసి పెట్టకండి, టెక్స్ట్‌గా పేస్ట్ చేయండి. అప్పుడే వెతికితే దొరుకుతుంది.
- ఒక ఇష్యూలో ఒకే సమస్య, వీలైతే చిన్న సూచన.
- "ఈ ట్యుటోరియల్ వేస్ట్" అని రాస్తే ఎవరూ ఏమీ సరిచేయలేరు. చదివేది ఎక్కువగా వాలంటీర్లే.

"ఇంత చిన్న డౌట్ అడిగితే నవ్వుతారేమో" అని ఆగకండి. ఆరు నెలలు కోడ్ రాశాక ఆ >>> మీ కంటికి కూడా ఆనదు. ఎక్కడ తడబడ్డారో గుర్తున్నప్పుడే రాసేయండి.