బిడ్డకు ఆస్తమా అని తేలిందా? ఇన్‌హేలర్‌ను దాచకండి

ఇంటర్ చదివే అబ్బాయికో, డిగ్రీలో చేరిన అమ్మాయికో రాత్రిపూట దగ్గు తగ్గదు. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. డాక్టర్ స్పైరోమెట్రీ పరీక్ష చేయించి ఆస్తమా అని చెబుతారు, ఇన్‌హేలర్ రాస్తారు. ఇంటికొచ్చాక వేరే మాటలు మొదలవుతాయి. ‘ఇంత చిన్న వయసులో ఇన్‌హేలరా? ఒకసారి పడితే జీవితాంతం వదలదట’ అని దాదీ అంటుంది. ‘రేపు రిష్తాలొస్తే ఏం చెప్పాలి?’ అని అమ్మీ బెంగ. వారం తిరిగేసరికి ఇన్‌హేలర్ బీరువాలోకి పోతుంది. చాలా ఇళ్లలో పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది ఈ దాపరికమే.

ఆయాసం లేనప్పుడు కూడా మందెందుకు?

ఆస్తమాలో ఊపిరితిత్తులకు గాలి తీసుకెళ్లే సన్నని గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్ము, పొగ, చల్లగాలి, జలుబు లాంటివి తగలగానే ఆ గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, కఫం పెరుగుతుంది, గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. ఆయాసం తగ్గినా లోపలి వాపు అలాగే ఉండొచ్చు.

అందుకే మందులు రెండు రకాలు. వాపును తగ్గించేది ప్రివెంటర్. ఇందులో తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఉంటుంది, డాక్టర్ చెప్పినన్నాళ్లు బాగున్నప్పుడు కూడా వాడాలి. బిగిసిన కండరాలను అప్పటికప్పుడు వదులు చేసేది రిలీవర్. సాల్బుటమాల్ అలాంటిదే. అది నిమిషాల్లో ఉపశమనం ఇస్తుంది కానీ వాపును తగ్గించదు. ఆస్తమా చికిత్సకు ప్రపంచవ్యాప్తంగా మార్గదర్శకాలిచ్చే ‘జీనా’ సంస్థ 2019 నుంచి ఒక విషయం గట్టిగా చెబుతోంది: 12 ఏళ్లు దాటిన వారికి సాల్బుటమాల్ ఒక్కటే సరిపోదు, స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ కూడా ఉండాలి. కొందరికి బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఒకే ఇన్‌హేలర్‌ను రెండు పనులకూ రాస్తారు. మీ బిడ్డకు రాసింది ఏ రకమో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి.

ఏడాదిలో 3 లేదా అంతకన్నా ఎక్కువ సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు ఖాళీ అవుతున్నాయంటే ఆస్తమా అదుపులో లేదని అర్థం. దాన్ని ‘అలవాటు పడ్డాడు’ అని తిట్టి సరిపెట్టకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

మాత్ర మంచిదా, ఇన్‌హేలర్ మంచిదా?

‘ఇన్‌హేలర్ పవర్ ఎక్కువ, మాత్రలే నయం’ అనే మాట తరచూ వినిపిస్తుంది. లెక్క చూస్తే విషయం తలకిందులవుతుంది. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో మామూలుగా 100 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రలో 4,000 మైక్రోగ్రాములు, అంటే 40 రెట్లు. మాత్ర కడుపులోకి వెళ్లి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. గుండె దడ, చేతుల వణుకు అందుకే ఎక్కువ. ఇన్‌హేలర్ మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కాబట్టి కొంచెమే చాలు. స్టెరాయిడ్ సంగతీ అంతే. రోజూ పీల్చేది మైక్రోగ్రాముల్లో ఉంటుంది. అది మానేసి, ఆయాసం ముదిరిన ప్రతిసారీ స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకుంటేనే ఒంటికి నష్టం ఎక్కువ.

పీల్చే పద్ధతి సరిగా లేకపోతే మందు గొంతులోనే ఉండిపోతుంది. నొక్కి పీల్చే పఫ్ ఇన్‌హేలరైతే ముందు ఊపి, ఊపిరి బయటకు వదిలి, నొక్కుతూ నెమ్మదిగా లోతుగా పీల్చి, సుమారు 10 సెకన్లు బిగబట్టాలి. స్పేసర్ పెట్టుకుంటే ఇంకా తేలిక. క్యాప్సూల్ పెట్టే రోటాహేలర్‌ది వేరే పద్ధతి. వేగంగా, గట్టిగా పీల్చాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ బిడ్డ చేత పీల్పించి చూపించండి.

పదిహేడేళ్ల పిల్లలతో ఎలా?

ఈ వయసులో రోజూ ‘మందు వేసుకున్నావా?’ అని వెంటపడితే పిల్లలు విసుక్కుంటారు, వేసుకోకపోయినా వేసుకున్నామంటారు. పూర్తిగా వదిలేస్తే మర్చిపోతారు. మధ్యేమార్గం ఒకటుంది. ప్రివెంటర్‌ను బ్రష్ పక్కన పెట్టి రోజూ చేసే పనికి ముడిపెట్టండి. ఫోన్‌లో అలారం వాళ్లనే పెట్టుకోనివ్వండి. ఇన్‌హేలర్ మీద డోసుల లెక్క చూపే అంకె ఉంటే వారానికోసారి ఇద్దరూ కలిసి చూడండి.

డాక్టర్ దగ్గర కొద్దిసేపు బిడ్డను ఒంటరిగా మాట్లాడనివ్వండి. సిగరెట్, హుక్కా, వేప్ లాంటివి అబ్బా ముందు ఎవరూ ఒప్పుకోరు. అవి ఆస్తమాను ముదిరిస్తాయి, మందు పనిని తగ్గిస్తాయి. డాక్టర్‌కు నిజం తెలియాలి.

హాస్టల్లో ఉంటే రిలీవర్ ట్రంకుపెట్టెలో కాదు, జేబులో ఉండాలి. వార్డెన్‌కు, గదిలో ఇద్దరు దోస్తులకు అది ఎక్కడుందో, ఎలా వాడాలో తెలియాలి. ఆటలు మాన్పించకండి. ఆడేముందు రిలీవర్ అవసరమో కాదో డాక్టర్ చెబుతారు. 14 ఏళ్లకే ఆస్తమా ఉందని తేలిన బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించారు. ఆ ప్రపంచ రికార్డు 16 ఏళ్లు నిలిచింది.

అమ్మాయైతే...

అబ్బాయి ఇన్‌హేలర్ కన్నా అమ్మాయి ఇన్‌హేలర్‌ను దాచే ఇళ్లే ఎక్కువ. నికాహ్ మాటలప్పుడు దాచిపెడితే అత్తింట్లో ఆ అమ్మాయి బాత్రూమ్‌లో దొంగచాటుగా మందు పీల్చుకోవాలి, లేదా మానేయాలి. గర్భం వచ్చాక మందు మానేస్తే ముప్పు తల్లికీ కడుపులోని బిడ్డకూ ఉంటుంది. గర్భంలో డాక్టర్ సలహాతో వాడే ఇన్‌హేలర్ల కన్నా అదుపులో లేని ఆస్తమాయే ప్రమాదం. మందు వాడుతూ చదువుకోవచ్చు, ఉద్యోగం చేయవచ్చు, తల్లీ కావచ్చు. పెద్దలు ఆ మాటను ముందే సూటిగా చెప్పడం అమ్మాయికి రక్షణ.

ఇంట్లో పొగ, రంజాన్‌లో రోజా

శుక్రవారం లోబాన్, సాయంత్రం అగరబత్తి, రాత్రి దోమల కాయిల్, ఘాటైన అత్తరు, ఇవన్నీ కొందరిలో ఆయాసం రేపుతాయి. ఆ బిడ్డ ఉన్న ఇంట్లో పొగ మానేసి దోమతెర కట్టడం మంచిది. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతకాలి. జానిమాజ్, తివాచీల దుమ్మును బిడ్డ లేనప్పుడు బయట దులపాలి. వానాకాలంలో గోడల చెమ్మ, బూజు చూసుకోవాలి.

ఇన్‌హేలర్ వాడితే రోజా ఉంటుందా అనే విషయంలో ఉలమాల మధ్య భేదముంది. మన దేశంలోని హనఫీ ఉలమాల్లో చాలామంది రోజా భంగమవుతుందంటారు. సౌదీ ఉలమాలు సహా మరికొందరు కాదంటారు. మీరు నమ్మే ముఫ్తీని ముందే అడగండి. రెండు పూటల మందునైతే సెహ్రీ, ఇఫ్తార్ వేళలకు మార్చవచ్చేమో రంజాన్‌కు ముందే డాక్టర్‌ను అడగండి. పగలు ఆయాసం వస్తే మాత్రం వెంటనే రిలీవర్ వాడాలి. రోగులు ఆ రోజాలను తర్వాత పూర్తిచేసుకునే వెసులుబాటు సూరా బఖరాలోనే ఉంది. ‘ఇఫ్తార్ దాకా ఓర్చుకో’ అని పిల్లలతో అనొద్దు.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇచ్చే చేప మందుకు వెళ్లే కుటుంబాలు చాలానే ఉన్నాయి. అది ఆస్తమాను నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. ఎవరేం ఇచ్చినా ఇన్‌హేలర్ మాత్రం ఆపకూడదు. ప్రైవేటు ఖర్చు భారమైతే హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. జన్ ఔషధి దుకాణాల్లో జనరిక్ మందుల ధర తక్కువ.

ఎప్పుడు పరుగెత్తాలి?

మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగడం, పెదాలు, గోళ్లు నీలంగా మారడం, రిలీవర్ పనిచేయకపోవడం, మగతగా ఉండటం ప్రమాద సంకేతాలు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బిడ్డను పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టండి. అంబులెన్స్ వచ్చేలోగా సాల్బుటమాల్‌ను, వీలైతే స్పేసర్‌తో, 30 నుంచి 60 సెకన్లకు ఒక పఫ్ చొప్పున 10 పఫ్‌ల దాకా ఇవ్వవచ్చు. వేరే రకం ఇన్‌హేలర్ అయితే ఎన్ని పఫ్‌లో డాక్టర్ చేత ముందే కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి, ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. దాదీకి కూడా చదివి వినిపించండి. ఆ సమయంలో ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే కావచ్చు.