గర్భిణీ స్త్రీలు – ఫలాహారము

బొప్పాయి వల్ల గర్భము పోవునను భయముతో మా కలమల్ల ప్రాంతమున గర్భిణికి అన్ని పండ్లూ మాన్పించు పెద్దలను నేనెరుగుదును. ఇందువలన తల్లికి కలుగు నష్టమే అధికము.

భయపడవలసినది పచ్చి, దోర బొప్పాయికి మాత్రమే. దాని పాలు ఎలుకలపై జరిపిన పరీక్షలలో గర్భాశయమును సంకోచింపజేసినవి. బాగా మాగిన పండు అట్లు చేయలేదు. సందేహమున్నచో బొప్పాయి ఒక్కటే మానవలెను.

పులివెందుల చీనీ, అరటి, జామ, దానిమ్మ నిరభ్యంతరముగా తినవచ్చును. చీనీ, జామలలోని 'సి' విటమిన్ ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. కనుక రక్తహీనత గల గర్భిణి ఇనుము మాత్రతోపాటు ఈ పండు తినుట మేలు.

కార్బైడుతో మాగబెట్టిన మామిడి కొనరాదు. దానిని చట్టము నిషేధించినది. కోసి అమ్ము ముక్కలు వలదు. పండును కడిగి, అప్పటికప్పుడు కోసి తినవలెను. మధుమేహమున్నవారు వైద్యుని సలహాపై పరిమాణము నిర్ణయించుకొనవలెను. రక్తస్రావము కనబడినచో గృహవైద్యముతో జాగు చేయక ఆసుపత్రికి పోవలెను.