పక్క చేను బోరు కూడా తెర మీద ఉండాలి

సిద్దిపేట చుట్టుపక్కల నేల అడుగున ఉన్నది గట్టి రాయి. వాన నీరు పైనున్న మొరంలో కొంత, కింద రాతి పగుళ్లలో కొంత నిలుస్తుంది. ఒకే పగులు మీద రెండు బోర్లు పడితే రెండూ అవే నీళ్లు తోడతాయి. ఒకాయన బోరు ఇంకా లోతుకు దింపితే పక్కాయనకు రెండించులు పోసేది అరించుకు పడిపోవచ్చు. రంగనాయక సాగర్, మల్లన్న సాగర్ వచ్చాక కాలువ అందిన ఊళ్ల సంగతి మారింది. బోరునే నమ్ముకున్న చేలు మాత్రం ఇంకా ఉన్నాయి.

దీన్ని బడిపిల్లలకు చెప్పే వీడియో గేమ్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది సందేశంతో మొదలుపెడతారు. ఆట మధ్యలో ఒక పెట్టె తెరుచుకుని నీటిని పొదుపుగా వాడమంటుంది. పిల్లలు చదవరు, నొక్కి దాటేస్తారు. ఆటలో నిజంగా నేర్పేది నియమం: దేనికి పాయింట్లొస్తాయి, దేనికి పోతాయి అన్నది. అమెరికాలో లిజ్జీ మాగీ అనే ఆమె భూస్వాముల అద్దెల దోపిడీని చూపించాలని 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' తయారుచేసి 1904లో పేటెంట్ తీసుకుంది. మొనోపలీకి మూలం అదే. మన ఇళ్లలో ఆడే బిజినెస్ కూడా ఆ వంశానిదే. అందులో ఎదుటివాణ్ని దివాలా తీయిస్తేనే గెలుపు. ఆడినవాళ్లకు అబ్బింది కూడా అదే.

మనకు దగ్గరి ఉదాహరణ ఫోన్‌లోది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ కలిసి ఊళ్లలో రైతుల చేత భూగర్భజలాల ఆట ఆడించాయి. ఐదుగురు కూర్చుంటారు. విడతకోసారి ఒక్కొక్కరూ రెండు పంటల్లో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి తక్కువ నీళ్లు తాగి తక్కువ డబ్బిచ్చేది, రెండోది ఎక్కువ తాగి ఎక్కువిచ్చేది. ఎవరేది వేసినా తగ్గేది అందరి నీటిమట్టమే. కొన్ని విడతలు మాట్లాడుకోకుండా, తర్వాతివి మాట్లాడుకుంటూ ఆడతారు. చివర ఊళ్లో చర్చ.

2016లో వెలువడిన ఫలితం కొంచెం నిరాశపరిచేదే: మాట్లాడుకోనిచ్చినంత మాత్రాన అప్పటికప్పుడు సహకారం పెరగలేదు. అయితే 2018లో వచ్చిన రెండో అధ్యయనంలో, ఆడని ఊళ్లకంటే ఆడిన ఊళ్లే నీటి రిజిస్టర్లు పెట్టుకోవడంలో, వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడంలో ముందున్నాయి. ఆట లోపలి స్కోరు చూసి దాని ఫలితం తేల్చకూడదని నాకనిపిస్తుంది. అసలు పని ఆట ముగిశాక మొదలవుతోంది.

కాబట్టి సిద్దిపేట గేమ్‌ను ఒంటరిగా ఆడేలా చేయకూడదు. ఒకే ఫోన్ నలుగురి చేతులు మారుతూ, నలుగురివీ పక్కపక్క చేలై ఉండాలి. ఒకరు బోరు దింపగానే పక్క చేను ధార సన్నబడటం వాళ్ల కళ్లెదుటే కనిపించాలి. నీటిమట్టం అంకె మాత్రం ఊరికే చూపించకూడదు. కొలవాలంటే ఆటగాడు కొంత డబ్బు పెట్టాలి. లేకపోతే గుడ్డిగానే యాసంగి పంట వేయాలి. ఇది గాల్లోంచి తెచ్చిన ఊహ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ పథకం కింద రైతులే తమ బోర్ల మట్టం కొలుచుకుని, ఉన్న నీటిని బట్టి ఏ పంట ఎన్నెకరాలో లెక్కేసుకున్నారు.

పట్నంలో కూర్చుని గేమ్ చేసేవాళ్లు సాధారణంగా జారేది ఇంకోచోట. వరి వేసిన రైతును అత్యాశపరుడిగా చూపిస్తారు. వడ్లకు కొనుగోలు కేంద్రం ఉంది. మక్కలకు ధర ఏటా అంత ఖాయం కాదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు కాబట్టి మోటారు ఆన్ చేయడానికి చేతి నుంచి ఏమీ పోదు. ఈ మూడూ నియమాల్లో లేకపోతే ఆ ఆట అబద్ధమాడినట్టే. ఉంటే, నీళ్లు తగ్గుతున్నాయని తెలిసి కూడా పిల్లవాడు వరే వేస్తాడు. ఎందుకేశావని టీచరు అడిగితే కారణం చెప్పగలుగుతాడు. ఆ ప్రశ్నకు పీరియడ్‌లో సగం సమయం మిగిలేలా ఆటను పొట్టిగా చేయాలి.