దిగులుపడిన మిత్రునికి ఏ నవల ఈయవలెను?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమందలి కొత్తపల్లె వంటి ఊరిలో, పత్తికాయకు గులాబీరంగు పురుగు సోకి ఏడాది కష్టము మట్టిపాలైన రైతో, పరీక్ష తప్పి గడప దాటని కుర్రవాడో మనకు మిత్రుడై యున్నప్పుడు, ఓదార్చుటకు పోయిన పదిమందిలో తొమ్మండుగురు వేదాంతము చెప్పి వత్తురు; పదవవాడు చంకలో ఒక నవ్వుల నవల పెట్టుకొని పోయినచో మేలని నా అభిప్రాయము. అయితే నవ్వించు పుస్తకములన్నియు ఒక్క తీరువి కావు. లోకమును ఎత్తిపొడుచు హాస్యము వేరు, తన్ను తానే ఆటపట్టించుకొను హాస్యము వేరు. దెబ్బ తిన్నవానికి రెండవదియే హితము. ఏలయన, మొదటిదానిని చదువునప్పుడు ఆ పోటు తనకే తగులుచున్నదేమో యను శంక వానిని వదలదు.

ఈ కారణముచేతనే మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టరు పార్వతీశము'ను తొలుత చేతికీయవలెనందును. 1924లో మొదటి భాగము వెలువడిన ఈ నవలలో, మొగల్తూరు వాస్తవ్యుడగు పార్వతీశము బారిస్టరు చదువునకై సీమకు పయనమై, రైలు మర్యాదయు ఓడ మర్యాదయు ఎరుగని అమాయకత్వముతో అడుగడుగున అభాసుపాలగుచు, మద్రాసులో దొరటోపి యనుకొని దొరసాని టోపి కొనుక్కొనును. ఈ కథను చెప్పువాడు పార్వతీశమే. తన తెలివితక్కువను అతడు దాచుకొనడు, దానికై కుమిలిపోవడు, జరిగినది జరిగినట్లు చెప్పుకొనిపోవును. అందుచేత చదువరికి వానియెడ చిన్నచూపు కలుగదు సరికదా, పెద్ద పట్టణమున తొలిసారి రైలు దిగినప్పుడు తాను పడిన అవస్థయే జ్ఞప్తికి వచ్చును. గ్రంథకర్త స్వయముగా ఎడింబరోలో వ్యవసాయశాస్త్రము చదివి వచ్చినవాడు. పత్తి పండించు మిత్రునికి ఈ సంగతి ముందుగా చెప్పినచో పుస్తకముపై కొంత గౌరవము కుదురునేమో! తరువాతి భాగములు చాల యేండ్లకు గాని రాలేదు. వానిలో నవ్వునకు తోడు గాంభీర్యమును పెరిగినది గనుక, మనసు బరువెక్కి యున్నవానికి మొదటి భాగము చాలును.

తన్ను తానే ఆటపట్టించుకొను ఈ గుణము మన భాషకే చెందినది కాదు. జెరోం కె. జెరోం అను ఆంగ్లరచయిత 1889లో ప్రకటించిన పడవప్రయాణపు కథలోను, కథకుడు ఒక వైద్యగ్రంథము తిరుగవేసి, అందలి రోగములలో ఒక్కటి తప్ప తక్కినవన్నియు తనకున్నవని తీర్మానించుకొనును. తన దిగులును తానే కొండంతలు చేసికొను అలవాటున్నవానికి ఆ ఒక్క ఘట్టము చెప్పి చూడవచ్చును.

పార్వతీశము మాటలాడు గోదావరి సీమ పలుకుబడి నంద్యాల చుట్టుపట్ల నుండు మన రేనాటివారికి రుచించునా యని కొందరు సందేహింతురు. పార్వతీశము రైలెక్కువరకే ఆ సందేహము. ఎక్కిన పిదప అతడు అందరికిని చుట్టమే. "ఏమప్పా, నగేదానికి పుస్తకమెందుకు, నా బతుకు చాలదా?" అని మిత్రుడు విసుగుకొన్నను వాదమునకు దిగరాదు. అరుగుమీద కూర్చుండి నాలుగు పుటలు బిగ్గరగా చదివి, రసపట్టులో ఆపి, పుస్తకము అక్కడనే మరచినట్లు విడిచి రావలెను. మరునాడు పోయి "ఎంతవరకు చదివితివి?" అని అడుగుటకంటె పాపము లేదు.

కాంతము కథలను ఇచ్చునప్పుడు మాత్రము కొంచెము ఆలోచింపవలెను. మునిమాణిక్యము నరసింహారావుగారు కాంతమును గూర్చి వ్రాసినదంతయు దాంపత్యమునందలి చిన్నచిన్న కలహములచుట్టు, అలుకలచుట్టు తిరుగును. భార్యను పోగొట్టుకొన్నవానికి ఆ ముచ్చటలే గుండెను కోయగలవు. ఒకచోట మనసు నిలువనివానికి ముళ్లపూడి వెంకటరమణగారి 'బుడుగు' తగును. 1950ల దశకమున వారపత్రికలో వచ్చిన ఆ రచన లక్షణమునుబట్టి నవల కాకపోవచ్చును గాని, ఏ పుట తెరచినను ఆ పిల్లవాడు అక్కడినుండియే మాటలాడుచుండును. వయసువారికి పొత్తూరి విజయలక్ష్మిగారి 'ప్రేమలేఖ' ఈయవచ్చును. 1984లో జంధ్యాల తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ' చిత్రమునకు అదియే మూలము. చిత్రము చూచితినని తప్పించుకొనువానికి, పుస్తకమునందలి నవ్వు వేరని చెప్పవలెను.

ఇవి కొనవలసిన పనియును లేదు. 1960 నాటి గ్రంథాలయ శాసనము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమందరము కట్టుచునే యున్నాము. పట్టణమునకు పోయినప్పుడు శాఖా గ్రంథాలయమున విచారించినచో ఆ పైసలకు కొంత ఫలము దక్కును.

చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి 'గణపతి'ని మాత్రము చివరకు ఉంచవలెను. అది మహత్తరమైన హాస్యనవల. కాని అందలి నవ్వు క్రింద దారిద్ర్యమును మౌఢ్యమును దాగియున్నవి, వానిని చూచి తట్టుకొనుటకు కొంత సత్తువ కావలెను. మిత్రుడు వెనుకటివలె టీకొట్టుకడ రాజకీయములు మాటలాడుచు, ఎదుటివాని మాటకు అడ్డు తగులుచున్నాడని విన్ననాడు నిర్భయముగా ఈయవచ్చును. గడువు దాటినచో జరిమానా మాత్రము మనమే కట్టవలెను.